బాలింత కాఫీ

"పసుపు టోపీ కూడా పెట్టు రొస్. పడవలో గాలి కొడుతుంది."

"పెట్టేశాను మాక్. రెండు జతల మేజోళ్ళు కూడా పెట్టాను."

సురాయా మంచం మీద వెల్లకిలా పడుకుని అన్నీ వింటోంది. గదికీ హాలుకీ మధ్య ఒక్క పూల పరదా అడ్డం. ఆ పరదా అవతల తన కూతురి బట్టలు సంచీలోకి వెళ్ళిపోతున్నాయి. పుట్టి ఇరవై రోజులైన పిల్లకి ఎన్ని బట్టలుంటాయి గనక! ఆ కాస్త మూట కట్టడానికి, ఇంటిల్లిపాదీ మాక్ అని పిలిచే అత్తగారూ ఆడబిడ్డా భోజనాలైన దగ్గర్నుంచీ హడావిడి పడుతున్నారు.

లేచి వెళ్ళి ఆ సంచీ లాక్కోవాలని ఉంది ఆమెకు. లేవడానికి లేదు. రొమ్ముల కింద నుంచి తుంటి దాకా మూరల కొద్దీ నడికట్టు. మోకాళ్ళు రెండూ కలిపి మెత్తటి గుడ్డతో కట్టేశారు. పాదాలకు ఉన్ని మేజోళ్ళు, నుదుటి మీద ఆరిపోయి బీటలు వారిన మూలికల పట్టు. బాలింతను కాపాడటమంటే అత్తగారి దృష్టిలో ఇదీ. నలభై నాలుగు రోజుల పథ్యంలో ఇవాళ్టికి ఇరవై అయ్యాయి.

"మాక్! అతీకాని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

అవతల బట్టలు మడతపెట్టే చప్పుడు ఆగలేదు.

"నీ మొగుడు చెప్పలేదా?" అంది అత్తగారు జబెదా అక్కణ్ణుంచే.

"లేదు."

"చెప్తాడులే."

చెప్పవలసిన అజ్లాన్ ఇంటి మెట్ల మీద కూర్చుని పడవ ఇంజను ప్లగ్గు ఒకటి గుడ్డతో తుడుస్తున్నాడు. గంట నుంచీ అదే ప్లగ్గు.

"అబాంగ్!" అని మొగుణ్ణి గట్టిగా పిలిచింది సురాయా.

చిన్న దగ్గు వినిపించింది. మనిషి మాత్రం రాలేదు. వచ్చింది అత్తగారే. పరదా పక్కకు తోసి, మంచం కాళ్ళ దగ్గర నిలబడి, ముందు మోకాళ్ళ కట్టు బిగువుగా ఉందో లేదో చూసింది.

"పిల్ల మీ కాక్ లోంగ్‌తో వాళ్ళ లంకావి దీవికి వెళ్తుంది. ఆరున్నర పడవకి."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలీదూ? తెల్లారగట్ల నిన్ను రేవు చెక్కల మీద పట్టుకుందెవరు? నేను. కాళ్ళకి మేజోళ్ళు లేవు, కట్టు లేదు, జుట్టు విరబోసుకుని ఆ చివర్నించి ఈ చివరికి, ఈ చివర్నించి ఆ చివరికి. ఇక్కడ పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది."

"కాళ్ళు నిలవలేదు మాక్. లోపల ఎముకల్లో ఏదో పాకుతున్నట్టు, పీకుతున్నట్టు. నడిస్తే తగ్గుతుంది. అందుకే నడిచాను."

"ఏటి ఒడ్డునే నడవాలా?"

"గదిలో నడిస్తే మీరు లేస్తారని వెళ్ళాను."

ఆ ఊళ్ళో పురిటి పథ్యంలో ఉన్న మనిషి అర్ధరాత్రీ అపరాత్రీ లేచి తిరిగితే దానికి ఒకటే పేరు. మెరోయాన్ అంటారు. బాలింతకు పట్టే పిచ్చి. పట్టిన మనిషి తనను తాను ఏమైనా చేసుకుంటుంది, బిడ్డను అంతకంటే ముందు చేస్తుంది. పెద్దావిడ ఆ మాట నోటితో అనలేదు. అనే హక్కు మంత్రసానిది.

"సాయంత్రం మంత్రసాని తోక్ మున్ వస్తుంది. చాప మీద కాళ్ళు చాపి కూర్చోబెడుతుంది. నిప్పుల మీద సాంబ్రాణి గడ్డ వేస్తారు. అది ఆరేదాకా కుదురుగా కూర్చున్నావా, నీ పిల్ల నీ ఒళ్ళోనే ఉంటుంది. నేనే ఆ సంచీ విప్పుతాను. ఒళ్ళు దానంతటది కదిలిందా, లోపల వేరే ఏదో ఉన్నట్టే లెక్క."

"సాయంత్రమా?" అంది సురాయా నీరసంగా.

సాయంత్రమే ఆమెకు కష్టం. పొద్దున పూట ఎవరు ఎంతసేపు కూర్చోమన్నా కూర్చోగలదు. పొద్దు వాలిందంటే ఆ కాళ్ళు ఆమెవి కావు.

"పొద్దున పెట్టకూడదా మాక్?"

"అది బయటపడేదే సాయంత్రం," అంది జబెదా. ఆ మాట మీద సురాయా ఇక ఏమని వాదిస్తుంది?

"మరి నా పాలు?"

"డబ్బా పాలున్నాయి."

"నలభై నాలుగు రోజులయ్యాక తెచ్చేస్తారా?"

"నువ్వు కుదుటపడితే ఎందుకు తేం?"

పరదా అవతల కాక్ లోంగ్ జోలపాట లాంటిదేదో సన్నగా తీస్తోంది. ఆవిడ పేరు రొస్నానీ. అజ్లాన్‌కి పెద్దక్క, అందుకే ఆ పిలుపు. పెళ్ళయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. ఆ ఒళ్ళోకి వెళ్ళిన పిల్ల నలభై నాలుగో రోజున బుద్ధిగా తిరిగొస్తుందని సురాయా నమ్మలేకపోయింది. తనకు తల్లి ఉంటే పురుడు అక్కడ జరిగేది, ఈ గోల ఉండకపోయేది అనుకుంది. తల్లి పోయి నాలుగేళ్ళయింది.

మూడు గంటలవుతుండగా వాకిట్లో మోటారు సైకిలు ఆగింది.

"మెట్లకి అడ్డంగా కూర్చోకపోతే ఇంకెక్కడా చోటు లేదా నీకు? జరుగు," అని అజ్లాన్‌ని కసిరి పైకొచ్చింది సర్కారు నర్సు ఫౌజియా. ఊరంతా ఆవిణ్ణి మిసి అంటారు. కాన్పయిన ఇరవయ్యో రోజు చూసి వెళ్ళడం ఆవిడ డ్యూటీ. ఊళ్ళో ఎవరింట్లో ఏ గొడవ జరుగుతున్నా ఆ రోజు మారదు.

పిల్లను గుడ్డ ఉయ్యాల్లో వేసి తూచింది. "బాగుంది. బంగారు కొండ." తర్వాత సురాయా కన్ను కింది రెప్ప లాగి చూసి మొహం చిట్లించింది. వేలు గుచ్చి రక్తం బొట్టు తీసి తన చిన్న మిషన్లో పెట్టింది.

"రక్తం ఎనిమిదిన్నరే! ఏమిటమ్మా ఇది? నేనిచ్చిన రక్తం మాత్రలు వేసుకోవట్లేదా?"

అంతే, జబెదాకి చిర్రెత్తుకొచ్చింది. లోపలికి వెళ్ళి ఖాళీ అట్టలు తెచ్చి నర్సు ముందు పడేసింది. "ఒక్కటి వదిలితే అడుగు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. నా చేత్తో నేనే వేస్తున్నాను. పల్లెటూరి ముసల్ది మందు మింగనివ్వలేదని రేపు క్లినిక్‌లో చెప్పుకుంటారేమో!"

"అనలేదు మక్‌చిక్. దేంతో వేస్తున్నారు?"

"దేంతో ఏమిటి, కాఫీతో."

"నీళ్ళతో కాదా?"

"బాలింతకి నీళ్ళేమిటి మిసీ! నీళ్ళు చలవ. కడుపులో వాతం చేస్తుంది. నువ్వు చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదూ?"

ఫౌజియా సంచీ జిప్పు వేయబోయి ఆగింది. కింద చాప మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"రోజుకి ఎన్ని కప్పులు?"

"దాహమేసినప్పుడల్లా," అంది జబెదా.

"ఐదారు," అంది సురాయా.

"పాలు పోసిన కాఫీయేనా?"

"పాలు కూడా చలవే," అంది జబెదా ఓపిగ్గా, మొద్దు పిల్లకి పాఠం చెబుతున్నట్టు.

"మక్‌చిక్, కోప్పడకుండా వినండి. ఆ మాత్రలో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే కాఫీ, టీ దాని దరిదాపుల్లో ఉండకూడదు. మీరు ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాగేస్తున్నారు."

"నా కాఫీనా?"

ఆ ఒక్క మాటలో జబెదా పరువంతా ఉంది. గింజలు తనే కొని, పంచదారా వెన్నా వేసి బొగ్గు రంగు వచ్చేదాకా తనే వేయించి, తనే దంచుతుంది. ఆ వీధిలో కాన్పయిన ప్రతి ఇంటికీ ఆ పొడి డబ్బా వెళ్ళాల్సిందే.

"మీ కాఫీ చాలా బాగుంటుంది. నా కాన్పుకీ మా అమ్మ మీ దగ్గరే తెప్పించింది. అయినా సరే, రక్తం తక్కువున్న మనిషికి వద్దు."

సురాయా మోచేతి మీద కాస్త లేచింది. "మిసీ, నా కాళ్ళు..." అని మొదలుపెట్టి, అత్తగారి మొహం చూసి ఆగిపోయింది.

"ఏమయ్యాయి కాళ్ళు? చెప్పు."

"ఉండనివ్వవు. లోపల పీకుతాయి."

"కూర్చున్నప్పుడా, నడిచినప్పుడా?"

"కూర్చున్నా, పడుకున్నా. నడిస్తే పోతుంది."

"పొద్దు వాలాక ఎక్కువా?"

"అవును."

"ఎవరైనా గట్టిగా పిసికితే హాయిగా ఉంటుందా?"

"అవును మిసీ, అవును!" సురాయాకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇరవై రోజుల్లో ఆమె కాళ్ళ గురించి ఎవరో ఒక మనిషి మామూలుగా, పంటినొప్పి గురించి అడిగినట్టు అడగడం ఇదే మొదలు.

"ఇది పిచ్చీ కాదు, గాలీ కాదు. కాళ్ళు నిలవనివ్వని జబ్బు ఒకటుంది. నిండు నెలల్లో వస్తుంది, రక్తం పోయిన బాలింతల్లోనూ చూశాను. అందరికీ కారణం ఒకటే అని ఒట్టేసి చెప్పలేను. ఇనుము తక్కువైతే వస్తుంది. కొందరికి కాఫీ పడదు. ఇంకొకరికి వేరే ఏదో తిండి పడదు. ఎవరి ఒంటికి ఏం పడదో వాళ్ళే కనిపెట్టుకోవాలి. క్లినిక్‌కి తీసుకొస్తే పెద్ద పరీక్ష చేయిద్దాం."

"మొన్న శుక్రవారం కాఫీపొడి అయిపోయింది," అంది సురాయా గబగబా. "మాక్ పెళ్ళికి వెళ్ళారు, దంచలేదు. రోజంతా ఒక్క చుక్క తాగలేదు నేను. ఆ రాత్రి కాళ్ళు నా మాట విన్నాయి. నిద్రపోయాను."

"శుక్రవారం కాబట్టి," అంది జబెదా. "మంచి రోజు. ఆ రోజు అలాంటివి దగ్గరికి రావు."

ఫౌజియా నవ్వబోయి, పెద్దావిడ కళ్ళు చూసి నవ్వలేదు. ఆ కళ్ళలో మొండితనం ఉందనుకుంది గానీ, ఉన్నది భయం.

"సరే. ఆకుకూరలు పెడుతున్నారా?"

"ఏ ఆకు? తూటికూరా? కాళ్ళ నరాలు లాగుతాయి. ఇప్పటికే కాళ్ళ గోల చాలదా?"

"నిమ్మరసం?"

"పులుపా! పచ్చి ఒంటికి?"

"పోనీ కార్జం? నిప్పుల మీద కాల్చిన కార్జం మన పథ్యంలోదే కదా."

జబెదా ఒక్క క్షణం తటపటాయించింది. "తినొచ్చు."

"పెట్టారా?"

"ఎండుచేప పెడుతున్నా. మిరియాలన్నం పెడుతున్నా."

"రేపట్నుంచి కార్జం పెట్టండి. మాత్ర గోరువెచ్చని నీళ్ళతో వెయ్యండి. వేడి నీళ్ళు చలవ కాదుగా? కాఫీ ఇవాళ్టితో బంద్. ఎల్లుండి మళ్ళీ వస్తాను."

ఎల్లుండి! సురాయా నర్సు చేతిని రెండు చేతులా పట్టుకుంది. "ఎల్లుండికి నా పిల్ల ఇక్కడ ఉండదు మిసీ. ఇవాళ ఆరున్నర పడవకి పంపించేస్తున్నారు."

ఫౌజియా ఆశ్చర్యంగా హాల్లోకి చూసింది. సంచీ గుమ్మం దగ్గర తయారుగా ఉంది. పిల్లను ఎత్తుకున్న రొస్నానీ తల దించుకుంది.

"తల్లి పాలు తాగే పిల్లని పంపించడం ఏమిటి మక్‌చిక్? తప్పు."

"మిసీ, నేను ఆరుగుర్ని కన్నాను. నువ్వు ఇద్దర్ని కన్నావు. పిల్ల బతికుండటం ముఖ్యమా, పాలు ముఖ్యమా నాకు చెప్పకు." జబెదా ఖాళీ అట్టలు ఏరి పక్కన పెట్టింది. "నీ పని మందులివ్వడం. ఇచ్చావు. కాఫీ కలపనా, వెళ్తావా?"

నర్సుకి ఇంకా మూడు ఇళ్ళున్నాయి. అజ్లాన్ దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఏదో గట్టిగా చెప్పింది. అతను తల ఊపాడు. తల ఊపడంలో అజ్లాన్‌ని మించినవాడు ఆ రేవులో లేడు.

మోటారు సైకిలు చప్పుడు దూరమయ్యాక అతను లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"విన్నావుగా?" అంది సురాయా.

"విన్నాను."

"మాక్‌కి చెప్పు. నువ్వు వద్దంటే పిల్ల కదలదు. నీ పిల్ల అబాంగ్, నీ పిల్ల!"

అతను జేబులోంచి పక్కింటి వాళ్ళ కారు తాళం తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మాక్‌కి సోమ్ పిన్ని గుర్తొస్తోంది," అన్నాడు చివరికి.

"ఏ సోమ్ పిన్ని?"

"మాక్ చెల్లెలు. నేను పుట్టకముందు సంగతి. మొదటి కాన్పు. ఇలాగే కాళ్ళు కాళ్ళని పెరట్లో రాత్రంతా తిరిగేదట. తోక్ మున్ వచ్చి మెరోయాన్ అంది. పిల్లని తీసేసుకున్నారు. పిన్నిని కదలకుండా పడుకోబెట్టి, ఆడవాళ్ళు ముగ్గురు వంతులేసుకుని ఆవిడ కాళ్ళ మీద కూర్చునేవారట."

"కాళ్ళ మీదా?"

"మూడో రోజు కూర్చున్న మనిషికి కునుకు పట్టింది. లేచి చూస్తే పిన్ని లేదు. మర్నాడు ఏట్లో దొరికింది." అతను నేల చూస్తూ చెప్పాడు. "ఆ కునుకు పట్టిన మనిషి మాక్."

సురాయాకి అత్తగారి మీద ఇంతసేపూ ఉన్న కోపం ఎటు పోవాలో తెలియక లోపలే తిరిగింది. ఆవిడను ఎలా ద్వేషించాలి? ద్వేషించకుండా తన పిల్లను ఎలా ఉంచుకోవాలి?

"అందుకని నా పిల్లని పంపిస్తావా?"

"నేనేం చెయ్యను సురా? మాక్‌కి ఎదురు చెప్పి, రేపు నీకేదైనా అయితే?"

నమ్మకం లేదన్నమాట. నర్సు అంత చెప్పినా, తన పెళ్ళానికి పిచ్చి లేదని అతనికి నమ్మకం లేదు. సురాయా గోడ వైపు తిరిగింది. అతను మంత్రసానిని తీసుకురావడానికి వెళ్ళిపోయాడు.

ఐదవుతుండగా వంటింట్లోంచి మాడిన పంచదార, వెన్న కలిసిన వాసన వచ్చింది.

జబెదా పొగలు కక్కే పెద్ద కప్పుతో వచ్చి మంచం పక్కన బల్ల మీద పెట్టింది.

"మాక్, మిసి వద్దంది కదా."

"రేపట్నుంచి మానేద్దువుగాని. ఇవాళ తోక్ మున్ వస్తోంది, కడుపు వెచ్చగా ఉండాలి. తాగు."

"ఇవాళే వద్దు మాక్. ఇది తాగితే నా కాళ్ళు నిలవవు. నన్ను కూర్చోబెట్టేది ఇవాళేగా!"

జబెదా మొహం పాలిపోయింది.

"సోమ్ కూడా మొదట నా చేతి కాఫీయే వద్దంది," అంది నెమ్మదిగా.

ఇక సురాయాకి దారి ఎక్కడుంది? తాగితే కాళ్ళు పట్టిస్తాయి. తాగనంటే ఆ తాగకపోవడమే పిచ్చికి సాక్ష్యం. ఆమె కప్పు వైపు చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది.

"రొస్! నేను నమాజు చేసుకుని వస్తాను. దీనిచేత దగ్గరుండి తాగించు. కప్పు ఖాళీగా నా చేతికి రావాలి," అని కేకేసి జబెదా వెళ్ళింది.

రొస్నానీ వచ్చి పిల్లను సురాయా పక్కన పడుకోబెట్టింది. పరదా సరిగ్గా లాగింది. కప్పు తీసుకుని, ఒకసారి ఊది, నాలుగు గుక్కల్లో మొత్తం తనే తాగేసింది. గొంతు కాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సురాయా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"అలా చూడకు. మాక్‌కి చెప్పకు. పదేళ్ళయింది కాఫీ ముట్టి." ఆవిడ మంచం చివర కూర్చుని, మోకాళ్ళ కట్టు వదులు చేసి, సురాయా పిక్కలు గట్టిగా పిసకడం మొదలుపెట్టింది. సరిగ్గా ఎక్కడైతే పీకుతోందో అక్కడే.

"కాక్ లోంగ్, మీకెలా తెలుసు అక్కడని?"

రొస్నానీ ఇంకాస్త గట్టిగా పిసికింది.

"మీకూ ఉందా?"

"పెళ్ళయిన ఏడాదే మొదలైంది. మొదట్లో రాత్రుళ్ళు గిన్నెలు తోముతూ నిలబడేదాన్ని. మా ఆయన ఎంత పనిమంతురాలో అనుకున్నాడు." ఆవిడ నవ్వింది. "కాఫీ మానేశాక సగం తగ్గింది. బేకరీ బిస్కెట్లు, కేకులు తింటే నాకు మళ్ళీ వస్తుంది. అన్నం తింటే రాదు. ఎందుకో ఏ డాక్టర్నీ అడగలేదు. కడుపులో మంట, అందుకే కాఫీ తాగనని అత్తారింట్లో చెప్పాను. ఇక్కడికొస్తే మాక్ చూడకుండా పారబోస్తాను."

సురాయా లేచి కూర్చున్నంత పని చేసింది. "మరి మాక్‌కి చెప్పండి! మీకూ ఉంది, మీకు పిచ్చి లేదు. ఆ ఒక్క మాట చాలు."

"చాలు. చెప్పాక? సోమ్ పిన్ని రక్తం నాలో ఉందంటారు. మా అత్తగారి చెవిన పడితే ఇంకేమైనా ఉందా? ఇప్పటికే గొడ్రాలినని దెప్పుతోంది. దానికి ఇదీ తోడా?"

"నా పిల్ల పోతుంది కాక్ లోంగ్."

రొస్నానీ పక్కన పడుకున్న అతీకా వైపు చూసింది. పిల్ల నిద్రలో పెదవులు చప్పరిస్తోంది. ఆవిడ చాలాసేపు చూసింది. ఆ చూపు సురాయాకి ఏమీ నచ్చలేదు.

"ముందు నువ్వు కదలకుండా కూర్చో," అంది ఆవిడ, కట్టు మళ్ళీ బిగిస్తూ. "తర్వాత సంగతి తర్వాత."

తోక్ మున్ వచ్చేసరికి ఐదున్నర దాటింది. ఎనభై ఏళ్ళ మనిషి. పళ్ళు లేవు, చేతుల్లో మాత్రం బలం తగ్గలేదు. ఆ వీధిలో సగం మందిని ఈ లోకంలోకి లాగినవి ఆ చేతులే. సురాయాని ప్రేమగానే లేపి, హాల్లో చాప మీద కూర్చోబెట్టి, గోడకు ఆనుకోనిచ్చి, కాళ్ళు చాపించింది.

"భయపడకే బంగారూ. ఊరికే కూర్చో. నేను చూస్తానంతే."

మూకుడులో నిప్పుల మీద సాంబ్రాణి గడ్డ వేశారు. తెల్లటి పొగ లేచింది. ఎదురుగా రొస్నానీ ముడుచుకుని కూర్చుని పిల్లను ఒళ్ళో పెట్టుకుంది. జబెదా పక్కనే తసబీ మాల పూసలు తిప్పుతోంది. అజ్లాన్ మళ్ళీ మెట్ల మీద చేరాడు.

మొదట బాగానే ఉంది. పిసికించుకున్న హాయి ఇంకా పిక్కల్లో ఉంది. సురాయా పిల్ల మొహం చూస్తూ కూర్చుంది. నీ కోసం, నీ కోసమే అనుకుంది. సాంబ్రాణి సగం కరిగింది.

అప్పుడు మొదలైంది. మడమ దగ్గర సన్నగా, ఎక్కడో దూరంగా ఉన్నట్టు. తర్వాత పిక్కలోకి పాకింది. ఎముక లోపల దురద పుడితే ఎక్కడ గోకాలి? ఆమె వేళ్ళు చాప అంచును పట్టుకున్నాయి. నాలుక కొరుక్కుంది. కాలు కాస్త, ఒక్క వేలెడు జరిపితే చాలు, ప్రాణం లేచొస్తుంది. జరపకూడదు. నుదుటి మీద చెమటకు మూలికల పట్టు కరిగి కనుబొమల మీదికి దిగింది. ఎవరూ తుడవలేదు. గడ్డ గోరంత మిగిలింది. గోరంతే కదా అని ఆమె కొండంత ఆశ పెట్టుకుంది.

పిల్ల కెవ్వుమంది.

సురాయా కుడికాలు జివ్వున ఎగిరింది. దానితో కట్టేసిన ఎడమకాలూ ఎగిరింది. మడమలు చెక్కల నేల మీద దబ్బున పడ్డాయి.

"పిల్ల ఏడ్చింది కదా తోక్! అందుకని... మళ్ళీ కూర్చుంటాను, ఇంకొక్కసారి!" అంటూనే ఉంది, కాళ్ళు ఆగలేదు. ఒకసారి వదిలాక ఇక ఆమె చేతిలో లేదు.

ముసలావిడ కళ్ళు మూసుకుంది. ఆవిడకూ బాధగానే ఉంది, నటన కాదు.

"ఉంది జబెదా," అంది.

జబెదా చేతిలో పూసలు ఆగాయి. "అజ్లాన్, కారు తియ్యి."

"మాక్, కాక్ లోంగ్‌ని అడగండి!" సురాయా గొంతు చించుకుంది. "ఆవిడకీ ఇదే ఉంది. పదేళ్ళ నుంచి ఉంది. ఆవిడే చెప్పారు. ఇందాక ఆ కాఫీ కూడా ఆవిడే తాగారు, నేను తాగలేదు. చెప్పండి కాక్ లోంగ్, మీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పండి!"

అందరూ రొస్నానీ వైపు తిరిగారు.

పిల్ల ఏడుపు ఆపి ఆవిడ రొమ్ములోకి మొహం దూర్చుకుంటోంది. అక్కడ పాలు లేవని దానికేం తెలుసు? రొస్నానీ దాని తల నిమిరింది. మొహం ఎర్రబడింది, తర్వాత మామూలైంది.

"పాపం, ఏదేదో మాట్లాడుతోంది మాక్," అంది నెమ్మదిగా. "మీరు పట్టించుకోకండి."

సురాయా ఆవిణ్ణి అలా చూస్తూ ఉండిపోయింది.

జబెదా కూతురి మొహం చూడటం లేదు. కిందికి చూస్తోంది. సారాంగ్ లుంగీ అంచు కింద రొస్నానీ పాదాలు ఒకదాన్ని ఒకటి రుద్దుకుంటున్నాయి. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. ఒళ్ళో పిల్ల ఉండగా లేచి నడవడానికి లేక, ఆవిడకు తెలియకుండానే ఆ పాదాలు చాప మీద తమ పని తాము చేసుకుంటున్నాయి. అలాంటి పాదాలను జబెదా మూడు రాత్రులు తన కింద నొక్కిపట్టి కూర్చుంది. ఆ కదలిక ఆవిడకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"రొస్," అంది. "నీకు ఎన్నాళ్ళ నుంచి?"

రొస్నానీ గతుక్కుమని పాదాలు లోపలికి లాక్కుంది. తర్వాత ఆవిడ పిల్లను రెండు చేతులా పొదివిపట్టుకుని లేచింది.

"పడవకి వేళయిపోతోంది మాక్."

సంచీ భుజాన వేసుకుంది. తల్లి వైపు చూడకుండా, సురాయా వైపు అసలే చూడకుండా మెట్లు దిగింది.

"మాక్!" సురాయా చాప మీద పాక్కుంటూ వచ్చి అత్తగారి సారాంగ్ అంచు పట్టుకుంది. "చూశారుగా. మీరే చూశారుగా! ఆపమనండి. మీరు ఒక్క మాటంటే ఆగిపోతుంది."

జబెదాకి తెలుసు. ఆపమంటే కోడలికి పిచ్చి లేదని ఒప్పుకున్నట్టు. కోడలికి లేకపోతే, రొస్‌కి లేకపోతే, సోమ్‌కీ లేదు. మరి సోమ్ పిల్లను ఎందుకు తీసుకున్నారు? ఆ కాళ్ళ మీద తను ఎందుకు కూర్చుంది?

ఆవిడ తోక్ మున్ వైపు చూసింది. ముసలావిడ నిప్పుల మూకుడు వైపు చూస్తోంది.

కింద కారు తలుపు పడింది. అజ్లాన్ ఇంజను స్టార్ట్ చేశాడు.

జబెదా నోరు తెరిచింది.